వరద నీళ్ళ నుంచి పార్కింగ్ చీటీ దాకా: కర్నూలు మాల్స్ కథ

పండగ సీజన్ వచ్చిందంటే కర్నూలులో ఈ గొడవ మళ్ళీ రాజుకుంటుంది. మాల్‌లో బండి పెట్టినందుకు డబ్బులు గుంజారని ఒకరు, బిల్లు చూపించినా గేటు తీయలేదని ఇంకొకరు. వాట్సాప్ గ్రూపుల నిండా చీటీల ఫొటోలు. ఈసారీ అంతే. వేలు పెట్టి బట్టలు కొన్నవాళ్ళు ఇరవై రూపాయలకు రచ్చ చేయడమేమిటని విసుక్కునేవాళ్ళూ ఉన్నారు. కానీ రచ్చ చేసేది వేలు పెట్టి కొన్నవాళ్ళేనా అన్నది చూడాలి. దానికి ముందు, కర్నూలులో కొనుగోళ్ళన్నీ ఊరి అంచుకు ఎట్లా పోయాయో చెప్పుకోవాలి.

1953లో ఈ ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయ్యింది, 1956లో ఆ హోదా పోయింది. ఆ కథ చిన్నపిల్లలకు కూడా తెలుసు కాబట్టి వదిలేద్దాం. అందులో మనకు పనికొచ్చే ముక్క ఒక్కటే. రాజధాని ఉద్యోగుల కోసం వేసిన ఎ, బి, సి క్యాంపులు పాత ఊరికి ఎడంగా, ఎత్తు మీద వెలిశాయి. రాజధాని పోయినా క్యాంపులు ఉండిపోయాయి. అయినా అర్ధ శతాబ్దం పాటు అక్కడివాళ్ళు కూరగాయలు దగ్గర్లో కొనుక్కున్నా, బంగారానికీ పట్టుచీరకూ పాత ఊరికే దిగి రావాల్సి వచ్చేది.

అప్పట్లో కొనడం అంటే నడవడం. కోడుమూరు నుంచో గూడూరు నుంచో వచ్చినవాళ్ళు, తుంగభద్ర దాటి అలంపూర్ వైపు నుంచి వచ్చినవాళ్ళు బస్సు దిగి, కొండారెడ్డి బురుజు పక్క నుంచి షరాఫ్ బజార్‌లోకి నడుచుకుంటూ పోయేవాళ్ళు. ఒక కొట్లో నగ, పక్క కొట్లో చీర, ఆ పక్కన గాజులు. స్కూటర్ ఉన్నవాళ్ళు దాన్ని ఏ తెలిసిన కొట్టు ముందరో పెట్టి 'అన్నా, కాస్త చూస్తుండు' అని చెప్పి పోయేవాళ్ళు. ఆ వీధుల్లో కార్లు పట్టవు. పట్టాల్సిన అవసరమూ ఎవరికీ కనపడలేదు.

2009 అక్టోబర్ 2 ఈ పద్ధతిని విరగ్గొట్టింది. నా లెక్కన ఈరోజు పార్కింగ్ గొడవ మొదలైంది ఆ రోజే. అప్పటికి సరిగ్గా నెల కింద, అప్పట్లో ఇదే జిల్లాలో ఉన్న పావురాలగుట్ట మీద ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ కూలిపోయింది. జిల్లా ఇంకా ఆ దిగ్భ్రమలోనే ఉంది. పైన కృష్ణకూ తుంగభద్రకూ కనీవినీ ఎరుగని వరద వచ్చింది. శ్రీశైలానికి చేరిన ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ డ్యామును 19 లక్షలకు మించి తట్టుకునేలా కట్టలేదు. సుంకేసుల బ్యారేజీ మీదుగా తుంగభద్ర విరుచుకుపడుతోంది, కింద శ్రీశైలం వెనక జలాలు ఎగదన్నుతున్నాయి. తుంగభద్రలో కలవాల్సిన హంద్రీకి పోయే దారి లేక అదీ ఊరి మీదికే తిరిగింది. రెండు నదుల మధ్య ఉన్న పాత ఊరు రెండు వైపుల నుంచీ మునిగింది. కొన్ని వీధుల్లో నీళ్ళు మొదటి అంతస్తును అందుకున్నాయి.

దసరా అయిపోయి నాలుగు రోజులు. దీపావళికి పదిహేను రోజులుంది. బట్టల కొట్లలో, గోడౌన్లలో సరుకు నిండుగా ఉన్న సమయం అది. నీళ్ళు తీశాక షట్టర్లు ఎత్తితే లోపల అడుగు మందాన బురద. తానులు తానులుగా బట్ట ఆ బురదలో అట్టకట్టి, మడత విప్పబోతే పొరలు ఒకదానికొకటి అంటుకుని చిరిగేది. బంగారం కడిగితే మళ్ళీ బంగారమే. జరీకి ఆ భాగ్యం లేదు. అప్పు మీద తెచ్చిన సరుకుకు ఇన్సూరెన్స్ చేయించుకోని చిన్న కొట్లవాళ్ళకు ఆ బురదే మిగిలింది.

అందరికన్నా ముందు మునిగింది సెల్లార్లు. పాత ఊళ్ళో కాస్త పెద్ద కాంప్లెక్సుల సెల్లార్లు బండ్లు పెట్టుకోవడానికి కట్టినవే. కానీ వాటిలో బండ్లకు బదులు సరుకు ఉండేది, కొన్నిటిలో కొట్లే ఉండేవి. ఇది చట్టానికి తెలియని సంగతేమీ కాదు. వరదకు రెండేళ్ళ ముందే, 2007 డిసెంబర్ 31న, అనుమతి లేని కట్టడాలను జరిమానాతో క్రమబద్ధీకరించే బీపీఎస్ వచ్చింది. ఆ స్కీమ్‌లో చాలా తప్పులకు మాఫీ దొరికింది గానీ, ప్లాన్‌లో పార్కింగ్‌కు చూపించిన స్థలాన్ని మాత్రం మినహాయించారు. అది కాగితం మీద మాట. సెల్లార్లు మాత్రం ఎప్పటిలాగే సరుకుతో నిండి ఉన్నాయి. వరద వచ్చి తనిఖీ చేసింది.

ఆ తర్వాత ఊళ్ళో వ్యాపారం రెండుగా చీలింది. పెట్టుబడి ఉన్నవాళ్ళు, బయటి ఊళ్ళ నుంచి వచ్చిన పెద్ద షోరూములవాళ్ళు ఎత్తు చూసుకున్నారు. సి-క్యాంపు, వెంకటరమణ కాలనీ, నంద్యాల చెక్‌పోస్ట్, బళ్లారి చౌరస్తా, గుత్తి రోడ్డు. స్థలం కొనబోయే ముందు 2009లో ఇక్కడ నీళ్ళెంత వచ్చాయని అడగడం కర్నూలులో మామూలైపోయింది. లేనివాళ్ళు షరాఫ్ బజార్‌లోనే గోడలు కడుక్కుని మళ్ళీ కూర్చున్నారు. హైవే ఎటూ ఉంది, కార్లు పెరుగుతున్నాయి, వరద రాకపోయినా మాల్స్ వచ్చేవి అని వాదించేవాళ్ళున్నారు. వచ్చేవేమో. అనంతపురంలో, కడపలో ఇట్లాంటి వరద రాకుండానే వచ్చాయి కదా అంటారు. కడపను బుగ్గవంక 2001లో ముంచింది, కాబట్టి ఆ ఉదాహరణ అంత గట్టిగా నిలబడదు. ఏమైనా, కర్నూలులో పాత బజారు నుంచి డబ్బు బయటికి పోయిన వేగానికి వరదను మించిన కారణం నాకు కనపడదు.

కొట్టు ఊరి అంచుకు పోతే దానితోపాటు మారేది ఒకటుంది. అక్కడికి ఎవరూ నడిచి రారు. ఆటోలోనో సొంత బండి మీదో రావాలి. అంటే కొట్టు ఎంత ముఖ్యమో బండి నిలిపే చోటూ అంత ముఖ్యం. షరాఫ్ బజార్‌లో ఎవరూ వెల కట్టని ఆ చోటుకు ఇక్కడ వెల వచ్చింది.

మన దగ్గర మాల్స్ చాలా వరకు నాలుగైదు అంతస్తుల బట్టల షోరూములే. పైన సినిమా తెరలు, తిండి కౌంటర్లు ఉన్నవి తక్కువ. రెండు రకాలకూ పార్కింగ్ చూపించకుండా ప్లాన్ పాస్ కాదు. 2017లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ బిల్డింగ్ రూల్స్‌లో ఏ తరహా భవనం ఎంత శాతం పార్కింగ్‌కు వదలాలో పట్టిక ఉంది. ప్లాన్ ప్రకారం కడతామన్న హామీగా కట్టే విస్తీర్ణంలో పది శాతాన్ని మునిసిపాలిటీకి తాకట్టు పెట్టాలి. 2019 చివర్లో న్యాయ రాజధాని ప్రకటన, 2021 మార్చిలో ఓర్వకల్లు విమానాశ్రయం, వీటితో నంద్యాల రోడ్డు మీద స్థలాల రేట్లు ఎగిరాయి. రాజధాని మాట 2021 నవంబర్‌లో మూడు రాజధానుల చట్టం వెనక్కి తీసుకోవడంతో చల్లబడింది. రేట్లు దిగిరాలేదు. అంత రేటు పెట్టి కొన్న స్థలంలో బండ్లకు వదిలిన చోటు యజమానికి కంట్లో నలుసే అవుతుంది.

యాజమాన్యాల వాదన ఇదీ. స్థలం మాది, లైట్లు మావి, కెమెరాలు మావి, కాపలావాడి జీతం మాది. ఫ్రీ అని బోర్డు పెడితే బండి ఇక్కడ పడేసి హైదరాబాద్ బస్సెక్కేవాళ్ళుంటారు. ఈ చివరి మాటలో నిజముంది.

కొనేవాళ్ళ వైపు నుంచి చూస్తే లెక్క వేరు. పార్కింగ్ చూపించినందుకే అన్ని అంతస్తులకు అనుమతి వచ్చింది. దాని ఖర్చు చీర రేటులో ఒకసారి కలిసింది, గేటు దగ్గర మళ్ళీ అడుగుతున్నారు. ఈ వాదనకు కోర్టులోనూ బలం దొరికింది. మాల్స్‌కు పార్కింగ్ ఫీజు వసూలు చేసే అధికారం లేదని 2019లో గుజరాత్ హైకోర్టు తేల్చింది. తెలంగాణ అంతకు ముందే, 2018 మార్చిలో, మాల్స్ పార్కింగ్ ఫీజుకు హద్దులు పెడుతూ జీవో 63 తెచ్చింది. కర్నూలు నుంచి వంతెన దాటితే తెలంగాణే కాబట్టి అక్కడ ఫ్రీ, ఇక్కడ ఫీజు ఎందుకన్న ప్రశ్న ఇక్కడివాళ్ళకు ఏడేళ్ళు మిగిలింది. 2025 ఏప్రిల్ 1 నుంచి మన ప్రభుత్వమూ అదే పద్ధతి పెట్టింది. మొదటి అరగంట అందరికీ ఉచితం. అరగంట నుంచి గంట దాకా అక్కడ ఏదైనా కొన్న బిల్లు చూపిస్తే చాలు. గంట దాటితే ఆ బిల్లో సినిమా టికెట్టో పార్కింగ్ ఫీజు కన్నా ఎక్కువ ఉండాలి. లేదంటే ఫీజు కట్టాలి.

గేటు దగ్గర జరిగేది చూస్తే ఈ రూల్ ఎక్కడ జారిపోతుందో తెలుస్తుంది. లోపలికి పోయేటప్పుడు కుర్రాడు చేతి మెషిన్ మీద నంబరు కొట్టి చీటీ చించి ఇస్తాడు. చీటీ మీద టైమ్ ఉంటుంది, రేటు ఉంటుంది, అరగంట ఫ్రీ అన్న ముక్క ఉండదు. బయటికి వచ్చేటప్పుడు వెనక పది బండ్లు హారన్ కొడుతుంటాయి. బిల్లేమో బట్టల కవర్ అడుగున, ఆ కవర్ ఆటోలో ముందే ఇంటికి పోయిన అత్తమ్మ చేతిలో. ఆ టెన్షన్‌లో ఎవరు వాదిస్తారు? ఇరవై ఇచ్చి బయటపడతారు. పైగా అదే చీటీ అడుగున 'వాహనాలకు యాజమాన్యం బాధ్యత వహించదు' అని చిన్న అక్షరాలు. డబ్బు తీసుకున్నాక ఆ మాట ఎంత చెల్లుతుందన్నది అనుమానమే. వాలే పార్కింగ్‌కు, అంటే నిలిపి పెట్టమని తాళంతో సహా హోటల్ మనిషికి, అప్పగించిన కారు పోతే, ఓనర్ రిస్క్ అని రాసుకున్నంత మాత్రాన హోటల్ తన నిర్లక్ష్యం నుంచి తప్పించుకోలేదని 2019 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది.

మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. పెళ్ళి బట్టలకు వచ్చిన కుటుంబం బిల్లు వేలల్లో ఉంటుంది, రూల్ ప్రకారం వాళ్ళు పైసా కట్టనక్కరలేదు. నిజంగా ఫీజు పడేది రేటు విని చీర కిందపెట్టి వచ్చేసినవాళ్ళకు, ఏసీలో కాసేపు తిరిగిపోదామని వచ్చిన కాలేజీ పిల్లలకు. వాళ్ళు ఒకసారి కట్టాక రెండోసారి బండి రోడ్డు మీద పెడతారు. అది ట్రాఫిక్ పోలీసుల చలానాగా మారుతుంది, ఎదురుగా ఉన్న చిన్న కొట్లవాళ్ళకు దారి మూసుకుపోతుంది. షరాఫ్ బజార్ వ్యాపారులు దీన్ని చూసి నవ్వుకుంటున్నారని అనుకోకండి. వాళ్ళ వీధుల్లో బండి పెట్టే చోటు లేకే కస్టమర్లు ఇటు వచ్చారు. ఇక్కడ ఫీజు పడిందని మళ్ళీ అటు పోవడం లేదు.

ఈసారి గొడవలో అందరూ ఫీజు గురించే మాట్లాడుతున్నారు. ప్లాన్‌లో చూపించినంత పార్కింగ్ అసలు ఉందా, దానిలో కొంత గోడౌన్‌గా మారిందా అని అడిగినవాళ్ళు తక్కువ. ఆ ప్లాన్ మునిసిపల్ కార్పొరేషన్ టౌన్‌ప్లానింగ్ విభాగంలో ఉంటుంది. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో ఎవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు, కాపీలకు పేజీల లెక్కన విడిగా కట్టాలి.