పగటి ఎండతో రాత్రి ఆట: పికిల్‌బాల్ కోర్టుకు సోలార్ లైట్ల లెక్క

సోలార్ ఫ్లడ్‌లైట్ పెట్టె మీద ‘300 వాట్లు’ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. దాంతోపాటు వచ్చే ప్యానెల్ చూస్తే అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు. కొనేముందు చిన్న లెక్క వేసుకోండి. మిట్టమధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకు సుమారు 1000 వాట్లు. మంచి ప్యానెల్ అందులో 21 శాతం దాకా కరెంటు చేస్తుంది. అంటే అంత చిన్న పలక నుంచి వచ్చేది మహా అయితే 30 వాట్లు. రోజుకు ఐదు గంటల నిండు ఎండ అనుకున్నా 150 వాట్-గంటలు. అది నిజంగా 300 వాట్ల లైటే అయితే అరగంటలో ఆరిపోవాలి. తెల్లవార్లూ వెలుగుతోందంటే అది పదీ పదిహేను వాట్ల దీపం అన్నమాట.

గేటు దగ్గరో, పశువుల కొట్టంలోనో అలాంటి దీపం చక్కగా పనికొస్తుంది. ఆటకు చాలదు. హైదరాబాద్‌లో ఇప్పుడు అపార్ట్‌మెంట్ల ఖాళీ జాగాల్లో, మేడల మీద పికిల్‌బాల్ కోర్టులు వెలుస్తున్నాయి. ఆఫీసు నుంచి వచ్చాక ఆడేవాళ్లే ఎక్కువ కాబట్టి లైట్లు లేకపోతే ఆ కోర్టు ఉండీ లేనట్టే.

1965లో అమెరికాలోని బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో, బ్యాడ్మింటన్ సామాను సరిగ్గా దొరక్క, పింగ్‌పాంగ్ బ్యాట్లతో, చిల్లుల ప్లాస్టిక్ బంతితో మొదలైన ఆట ఇది. అందుకే కోర్టు కొలత కూడా బ్యాడ్మింటన్ డబుల్స్‌ దే: 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. చుట్టూ కదలడానికి చోటు కలిపితే కనీసం 60 అడుగులకు 30 అడుగులు, అంటే దాదాపు 167 చదరపు మీటర్లు.

సరదా ఆటకు నేల మీద సగటున 200 లక్స్ ఉంటే బాగుంటుంది. ఒక చదరపు మీటరు మీద ఒక ల్యూమెన్ వెలుతురు పడితే ఒక లక్స్. నిండు పున్నమి వెన్నెల ఒక లక్స్‌లో పావు వంతు, పట్టపగటి ఎండ లక్ష లక్స్. మన కోర్టుకు కావలసింది 167 ఇంటూ 200, అంటే 33,400 ల్యూమెన్లు. కానీ లైటు నుంచి బయల్దేరిన వెలుతురంతా కోర్టు మీద పడదు. కొంత కంచె అవతలికి, కొంత ఎదురు ఫ్లాట్ల కిటికీల్లోకి పోతుంది. పైగా దుమ్ము పట్టి, ఎల్ఈడీ పాతబడి ఏటేటా కొంత తగ్గుతుంది. అవన్నీ కలుపుకుంటే లైట్ల దగ్గర 70,000 ల్యూమెన్ల దాకా కావాలి. వాట్‌కు 140 ల్యూమెన్లు ఇచ్చే మంచి లైట్లయితే మొత్తం 500 వాట్లు. నాలుగు స్తంభాలు, ఒక్కోదానికి 125 వాట్లు.

సోలార్ కోర్టు కట్టేవాళ్లు అందరూ మొదట ప్యానెల్ ఎంత పెట్టాలని అడుగుతారు. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది వెలుతురు ఎక్కడ పడాలో. కరెంటు లైన్ ఉన్నచోట పక్కింటికి పోయిన వెలుతురు బిల్లులో కొన్ని రూపాయలు, అంతే. సోలార్‌లో అలా వృథా అయిన ప్రతి ల్యూమెన్‌కీ ప్యానెల్ కొనాలి, బ్యాటరీ కొనాలి. వెలుతురును అటూ ఇటూ పోనీయకుండా కోర్టు మీదే పరిచే లెన్సున్న లైటుకు నాలుగు డబ్బులు ఎక్కువైనా, బ్యాటరీ దగ్గర అవి తిరిగొస్తాయి.

అసలు కష్టం కళ్లకు వస్తుంది. ఈ ఆటలో ఎదుటివాడు నెట్ దగ్గరికొస్తే బంతిని ఎత్తి వాడి తల మీదుగా వేస్తాం. అప్పుడు వాడు తలెత్తి చూస్తాడు. సరిగ్గా అక్కడే లైటు ఉంటే బంతి మాయం, కళ్ల ముందు పచ్చటి మచ్చ మిగులుతుంది. అందుకే స్తంభాలను బేస్‌లైన్ల, అంటే కోర్టు రెండు చివర్లలోని గీతల వెనక పెట్టకూడదు. కోర్టు రెండు పక్కలా, గీతలకు బాగా ఎడంగా, 20 అడుగుల ఎత్తున ఉండాలి. లైటు ముఖం నేలవైపే చూడాలి. ఖర్చు తగ్గుతుందని 12 అడుగుల స్తంభాలు వేయించినచోట ఆడి చూశాను. స్తంభం కింద కళ్లు జిగేల్‌మంటాయి, కోర్టు నడిమధ్య మసకగా ఉంటుంది. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది కదా.

ఇంకొక సంగతి. ఒక కోర్టులో బంతి కొట్టినప్పుడల్లా అది గీతలా కాకుండా పూసల దండలా, విడివిడి పసుపు చుక్కలుగా కనబడేది. నా చూపే తేడాగా ఉందేమోనని టెన్షన్ పడ్డాను. ఫోన్ కెమెరా స్లో మోషన్‌లో పెట్టి చూస్తే లైట్లు రెపరెపలాడుతున్నాయి. మన ఇళ్ల కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి చవక ఎల్ఈడీ సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంది. బ్యాటరీది నిలకడ కరెంటు కనుక సోలార్ లైట్లలో ఈ బాధ ఉండక్కర్లేదు. కాకపోతే, వెలుతురు తగ్గించడానికి లైటును గబగబా ఆర్పి వెలిగించే రకం డ్రైవర్ (ఎల్ఈడీకి కరెంటును సరిచేసి ఇచ్చే పరికరం) పెడితే ఆ సుఖం కూడా పోతుంది. కొనేటప్పుడే స్లో మోషన్‌లో చూడండి.

తొలకరి పడగానే ఉసుళ్లు లేస్తాయి. నీలం పాలు ఎక్కువున్న తెల్లటి లైటుకు పురుగులు ఎక్కువగా ముసురుతాయి. లైటు రంగును కెల్విన్లలో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ నీలం పాలు ఎక్కువ. 4000 కెల్విన్ చాలు, బంతి పసుపు రంగు అందులో చక్కగా తెలుస్తుంది.

ఇక బ్యాటరీ. 500 వాట్లు మూడు గంటలు వెలిగితే యూనిట్‌న్నర. రెండు రోజులు ఎండ రాకపోయినా ఆట ఆగకూడదంటే మూడు యూనిట్లు. వైర్లలో పోయేది కలిపి, బ్యాటరీని అడుగంటా ఖాళీ చేయకుండా చూసుకుంటే నాలుగు యూనిట్ల పైచిలుకు. 48 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ సరిపోతుంది. 24 వోల్టులకు దిగితే వైర్లలో పారే కరెంటు రెట్టింపు, అదే వైరులో నష్టం నాలుగింతలు.

చలిదేశాల్లో సోలార్ లెక్కలు డిసెంబరును చూసి వేస్తారు. అక్కడ పగలు పొట్టి, ఎండ వాలు. మనకు డిసెంబరులో ఆకాశం తేటగా ఉంటుంది. మనల్ని ఇబ్బంది పెట్టేది జూలై, ఆగస్టు ముసురు. ఏప్రిల్‌లో ఆరు గంటల నిండు ఎండకు సమానంగా వచ్చేది అప్పుడు నాలుగు, నాలుగున్నర గంటలకు పడిపోతుంది. ఆ నాలుగు గంటల లెక్కన నష్టాలు పోను రోజూ యూనిట్‌న్నర రావాలంటే 540 వాట్ల ప్యానెల్ ఒకటి బొటాబొటిగా సరిపోతుంది. ముసురు పట్టి ఖాళీ అయిన బ్యాటరీ తిరిగి నిండాలంటే రెండు కావాలి. మే నెలలో కరెంటు కుప్పలుగా వస్తుందనుకోవద్దు. ప్యానెల్ వేడెక్కి 60 డిగ్రీలు దాటితే రావలసినదాంట్లో పదమూడు శాతం దాకా తగ్గుతుంది.

ప్యానెళ్లను స్తంభాల నెత్తిన పెట్టడం నాకు నచ్చదు. విశాఖ వంటి చోట నిర్మాణాలను సెకనుకు 50 మీటర్ల గాలికి తట్టుకునేలా లెక్కవేస్తారు. రెండున్నర చదరపు మీటర్ల ప్యానెల్‌కు ఆ గాలి ఎదురుగా తగిలితే దాదాపు 380 కిలోల తోపు. 2014లో హుద్‌హుద్ చూసినవాళ్లకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. పైగా ప్యానెల్ వెనకే బ్యాటరీ బిగించే రకంలో అది ఎండకు ఉడికి తొందరగా పాడవుతుంది. ప్యానెళ్లు పక్కనున్న గది కప్పు మీద దక్షిణానికి వాల్చి, బ్యాటరీని కింద నీడలో, గాలి ఆడేచోట పెట్టండి. తుడవడమూ తేలిక.

కోర్టు పక్కనే కరెంటు లైన్ ఉంటే మాత్రం బ్యాటరీ వద్దే వద్దు. అపార్ట్‌మెంట్ కప్పు మీద ప్యానెళ్లు వేసి నెట్ మీటరింగ్ పెట్టుకోండి. పగలు లైన్‌కు ఇచ్చింది రాత్రి తీసుకోవచ్చు. బ్యాటరీ లెక్కలన్నీ లైన్ లాగడమే భారమైన ఊరి బయటి మైదానాలకు, తోటలకు.

పని పూర్తయ్యాక చీకటి పడ్డాక వెళ్లండి. కోర్టు మీద ఐదేసి అడుగులకు సుద్దముక్కతో గుర్తులు పెట్టి, లక్స్ మీటర్‌ను నేల మీద ఉంచి ఒక్కో అంకె రాసుకోండి. అన్నిటికంటే తక్కువ అంకె సగటులో సగానికి తగ్గకూడదు. తగ్గిందంటే అక్కడ బంతి నీడలో పడి కనబడదు. లైట్ల కోణం సరిచేయించి, మళ్లీ కొలిచి, ఆ కాగితం చేతికొచ్చాకే చివరి వాయిదా కట్టండి.