6–7–10 స్ప్లిట్: అర అంగుళం జ్యామితి

టెన్‌పిన్ బౌలింగ్‌లో తొలి బంతి తర్వాత 6, 7, 10 సంఖ్యల పిన్‌లు ఇలా ఎడంగా మిగిలితే (దీన్నే స్ప్లిట్ అంటారు) కొత్త ఆటగాడు సాధారణంగా ఆశ వదులుకుంటాడు. నిజానికి లెక్క తెలిసి గురి కుదిరినవారికి అది దక్కే స్పేరే (రెండో బంతితో మిగిలిన పిన్‌లన్నిటినీ పడగొట్టడం). మూడో వరుసలో కుడివైపున 6, చివరి వరుసలో ఎడమ కొసన 7, కుడి కొసన 10 నిలిచి ఉంటాయి.

బంతి తగిలిన పిన్, తాకిన క్షణంలో రెండింటి కేంద్రాలను కలిపే గీత వెంట కదులుతుంది. కనుక క్యారమ్స్‌లో కాయను కట్ చేసినట్టే, ఎంత అంచున తాకితే పిన్ అంత అడ్డంగా పోతుంది. పిన్‌ల కేంద్రాల మధ్య ఎడం 12 అంగుళాలు, పిన్ వెడల్పు సుమారు 4.75, బంతి వ్యాసం సుమారు 8.5 అంగుళాలు. వీటితో లెక్కిస్తే, 6వ పిన్ వెళ్లి 7ను కొట్టాలంటే బంతి దారికి దాదాపు 71 డిగ్రీల కోణంలో జారాలి. అందుకు బంతి దాని కుడి అంచును అర అంగుళంకన్నా తక్కువ మేర ఒరుసుకోవాలి. అంత స్వల్ప తాకిడికి బంతి దారి పెద్దగా మారదు కాబట్టి అది తిన్నగా సాగి 10ని పడగొడుతుంది. అయితే అప్పుడు గటర్ (బంతి దొర్లే బాట, అంటే లేన్ పక్కనుండే కాలువ) రెండున్నర అంగుళాల దూరంలోనే ఉంటుంది. గురి కాస్త ఎడమకు తప్పినా 6 తప్పక పడుతుంది, కుడికి తప్పితే బంతే గటర్ పాలవుతుంది. అందుకే తప్పేదేదో ఎడమకే తప్పడం మేలని నా అభిప్రాయం.

7–10 స్ప్లిట్ సంగతి వేరు. రెండూ ఒకే వరుసలో 36 అంగుళాల ఎడంతో ఉంటాయి. పిన్ సరిగ్గా 90 డిగ్రీలకు కదలాలి, కానీ ఆ కోణం దగ్గర తాకిడిలో బలమే మిగలదు. కాబట్టి ఒక పిన్ పక్కగోడకో వెనుక భాగానికో తగిలి ఎగిరివచ్చి రెండోదాన్ని కొట్టాల్సిందే. జాతీయ టెలివిజన్ ప్రసారంలో దీన్ని తొలిసారి సాధించినవాడు అమెరికన్ ఆటగాడు మార్క్ రోత్, 1980లో. 1991 తర్వాత మళ్లీ 2021లో ఆంథొనీ న్యూయర్ సాధించాడు. పాయింట్లు కీలకమైన ఆటలో ఇక్కడ ఒక్క పిన్‌ను ఖాయం చేసుకోవడమే సరైన నిర్ణయం.

4–5 స్ప్లిట్ మాత్రం చూపులకే కఠినం. రెండు పిన్‌ల మధ్య ఖాళీ 7.25 అంగుళాలే గనుక, మధ్యలోకి పంపిన బంతి రెండింటినీ తాకుతుంది.

ఈ లెక్కలన్నీ బంతి తిన్నగా వెళితేనే పనికివస్తాయి. లేన్‌పై పూసిన నూనె దాటాక హుక్ బంతి (తిప్పి వేసిన బంతి) మలుపు తిరుగుతుంది. అందుకే చాలామంది నిపుణులు స్పేర్‌లకు రాపిడి తక్కువగా ఉండే ప్లాస్టిక్ బంతి వాడతారు. కుడిచేతి ఆటగాడు 10వ పిన్‌కు లేన్ ఎడమ భాగంలో నిలిచి, ఆ బంతిని ఐమూలగా, వంపు లేకుండా విసరడం అన్నిటికన్నా ముందు సాధన చేయాలి.