చెమట పడితేనే వ్యాయామమా? కొన్ని అపోహలు, వాస్తవాలు

చెన్నైలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్న నా దగ్గరికి నెల్లూరు, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగువారు చాలామంది వస్తుంటారు. వారి మోకాళ్ల నొప్పి సంగతి చూసే ముందు, వ్యాయామం గురించి మనసులో పాతుకుపోయిన కొన్ని నమ్మకాలను సరిచేయవలసి వస్తుంది.

అపోహ: ఎంత చెమట పడితే అంత కొవ్వు కరుగుతుంది.

మే నెలలో మెరీనా ఒడ్డున ఉదయం 6 గంటలకు ఊరికే నిలబడినా చొక్కా తడిసిపోతుంది కనుక, ఈ ఊళ్లో ఈ నమ్మకం బలపడడంలో వింత లేదు. చెమట ఒంటిని చల్లబరచడానికి పడుతుంది, అదీ ఆవిరైనప్పుడే. గాలిలో తేమ నిండి ఉన్నప్పుడు అది ఆవిరి కాకుండా కారిపోతుంది, ఒళ్లు చల్లబడదు, చర్మానికి అదనంగా రక్తం పంపవలసి వచ్చి గుండె మరింత శ్రమపడుతుంది. ఒక పెద్దాయన గంట నడకకు ముందూ తర్వాతా బరువు చూసుకుని, ముప్పావు కిలో తగ్గిందని చీటీ మీద రాసుకొచ్చి సంతోషంగా చూపించారు. 70 కిలోల మనిషి గంటసేపు చురుగ్గా నడిస్తే సుమారు 300 కిలోక్యాలరీలు ఖర్చవుతాయి. ఒక కిలో కొవ్వులో దాదాపు 7,700 ఉంటాయి. ఖర్చయినదంతా కొవ్వు నుంచే వచ్చిందనుకున్నా 40 గ్రాములకు మించదు, మిగిలినదంతా నీళ్లు తాగగానే తిరిగి వచ్చే బరువే. చెమట కోసం ప్లాస్టిక్ జాకెట్ తొడుక్కుని పరుగెత్తేవారిని చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది, ఎందుకంటే అది వడదెబ్బకు దారి తీయవచ్చు.

శ్రమను కొలవడానికి తేలికైన మార్గం మాట. నడుస్తూ మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేకపోతే అది మధ్యస్థ శ్రమ.

అపోహ: రోజుకు పదివేల అడుగులు వేయకపోతే ఫలితం లేదు.

ఈ అంకె 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల కొలమానం పేరుతో ప్రచారమైంది, వైద్య పరిశోధనలో తేలినది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమను సూచిస్తూ, ఒక్కసారికి కనీసం పది నిమిషాలు చేయాలన్న పాత నియమాన్ని కూడా తొలగించింది. అందువల్ల మూడో అంతస్తులో ఇల్లున్నవారు ఎక్కే మెట్లు కూడా లెక్కలోకి వస్తాయి.

అపోహ: అరవై దాటాక బరువులు ఎత్తకూడదు, నడక చాలు.

ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ నమ్మకమే అని నా అభిప్రాయం. నడక గుండెకు మేలు చేస్తుంది గాని, వయసుతో తరిగిపోయే తొడ కండరాలను నిలబెట్టడానికి అదొక్కటే చాలదు. కండరాలకు బలం చేకూర్చే వ్యాయామం వారానికి కనీసం రెండు రోజులు చేయాలని అదే సంస్థ చెబుతోంది. 1990లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో, తొంభై ఏళ్ల వయసులో ఉన్న పదిమంది వృద్ధులతో 8 వారాలు బరువులతో వ్యాయామం చేయిస్తే, దాన్ని పూర్తి చేసిన తొమ్మిదిమంది కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది.

మొదటిసారి వచ్చినప్పుడు 68 ఏళ్ల ఒకామె రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ఒకసారి వెనక్కి ఊగి, "అమ్మా" అంటూ కుర్చీలోంచి లేచారు. కుర్చీ మీద ఒక దిండు వేసి ఎత్తు పెంచి, చేతులు గుండెలకు ఆనించుకుని ఐదుసార్లు లేవడంతో మొదలుపెట్టించాను. మూడో వారంలో దిండు తీసేశాం, తర్వాత చీలమండకు అర కిలో ఇసుక సంచి కట్టి కాలు చాపించడం నేర్పాను. తొలి రోజుల్లో తొడలు రెండు మూడు రోజులు పట్టేసినట్టుండడం సహజమని, కీలు వాచినా, పొడిచినట్టు నొప్పి వచ్చినా ఆపాలని ముందే చెప్పాను.

గుండెజబ్బు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు ముందుగా డాక్టరు సలహా తీసుకోవాలి. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబడితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి, లేస్తున్నప్పుడు ఊపిరి వదలమని ప్రతిసారీ ఆమెకు గుర్తుచేసేదాన్ని.