బాలుర హోంలలో ఆత్మహత్యల నివారణ: చట్టం ఆలస్యంగా అడిగిన ప్రశ్న

తిరుపతిలోనో చిత్తూరులోనో పదహారేళ్ల కుర్రవాడు దొంగతనం కేసులో పట్టుబడితే పోలీసులు అతణ్ణి లాకప్‌లో పెట్టకూడదు. 24 గంటల్లోగా, బాలల కేసులు విచారించే జువైనల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. బెయిలు రాకపోతే పంపేది జైలుకు కాదు, విచారణ సాగుతుండగా పిల్లల్ని ఉంచే అబ్జర్వేషన్ హోంకు. ఇంతవరకు రావడానికి మనకు వందేళ్లు పట్టింది. ఆ వందేళ్లూ చర్చంతా పిల్లవాణ్ణి ఎక్కడ ఉంచాలన్న దాని మీదే సాగింది. అక్కడ ఉన్నవాడు ప్రాణం తీసుకోవాలనుకునేంత దిగులులో ఉన్నాడా అని చాలాకాలం ఎవరూ అడగలేదు.

చిత్తూరు జిల్లా ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోది. దేశంలో తొలి బాలల చట్టం 1920లో వచ్చింది అక్కడే. అయినా పిల్లలు పెద్ద ఖైదీల మధ్య మగ్గుతూనే ఉన్నారు. వారిని జైళ్లలో ఉంచరాదని 1986లో షీలా బర్సే కేసులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అదే ఏడాది కేంద్రం జువైనల్ జస్టిస్ చట్టం తెచ్చింది. 2000 నాటి చట్టం బాలుర వయోపరిమితిని 16 నుంచి 18కి పెంచింది. నిర్భయ ఘటన తర్వాత వచ్చిన 2015 చట్టం, ఘోర నేరాల్లో 16 ఏళ్లు నిండినవారిని పెద్దవారిలా విచారించే వీలు కల్పించింది. వయసు మీద జరిగినంత వాదనలో పదో వంతైనా ఈ పిల్లల మనఃస్థితి మీద జరగలేదు.

మౌనానికి మరో చట్టం కూడా కారణమని నా అభిప్రాయం. 1860 నాటి శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ ఆత్మహత్యాయత్నాన్నే నేరంగా చూసింది. బాధ చెప్పుకుంటే కొత్త కేసు మీద పడే చోట పిల్లవాడు నోరు విప్పుతాడా? సుప్రీంకోర్టు 1994లో ఆ సెక్షన్‌ను కొట్టివేసి, 1996లో మళ్లీ నిలబెట్టింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అసలైన మలుపు. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, వైద్యం అందించే బాధ్యత ప్రభుత్వానిదేననీ 115వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 లేదు. అయితే ప్రభుత్వోద్యోగిని ఒత్తిడి చేయడానికి ప్రాణం తీసుకోబోవడం 226వ సెక్షన్ కింద నేరమే. తనను తాను గాయపరచుకున్న పిల్లవాణ్ణి ‘బెదిరిస్తున్నాడు’ అని కొట్టిపారేయడానికి ఇది సాకు కాకూడదు.

లెక్కల సంగతీ అంతే. జైళ్లలో ఆత్మహత్యలను జాతీయ నేర రికార్డుల సంస్థ ఏటా ప్రచురిస్తుంది. కానీ బాలల సంరక్షణ సంస్థల్లో అసహజ మరణాలను నమోదు చేసే విధానం రూపొందించమని 2017 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించాల్సి వచ్చింది.

అమెరికాలో ఈ లెక్క తీశారు. 1995-99 మధ్య బాలల నిర్బంధ కేంద్రాల్లో 110 ఆత్మహత్యలు జరిగాయని తేలింది. వివరంగా పరిశీలించిన 79 మందిలో దాదాపు సగం మంది ఆ సమయంలో గదిలో ఒంటరిగా నిర్బంధంలో ఉన్నవారే. బాలలకు ఏకాంత నిర్బంధం వద్దని ఐక్యరాజ్యసమితి 1990లోనే నియమం చేసింది.

మన జువైనల్ జస్టిస్ చట్టం కింద వచ్చిన 2016 నమూనా నియమాలు 50 మంది పిల్లలుండే సంస్థకు ఇద్దరు కౌన్సెలర్లు ఉండాలంటాయి. కానీ రాత్రిపూట పిల్లల దగ్గర ఉండేది హౌస్ ఫాదరూ (పిల్లల బాగోగులు చూసే ఉద్యోగి) కాపలాదారూ. బెయిలు తిరస్కరించిన సాయంత్రం అన్నం ముట్టనివాణ్ణీ, చూడటానికి అమ్మ వస్తుందని ఎదురుచూసి గేటు దగ్గర నుంచి వెనుదిరిగినవాణ్ణీ గమనించగలిగేది వారే. అందుకే ముందు శిక్షణ ఇవ్వాల్సింది వారికి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగితే లేని ఆలోచన కొత్తగా పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకూడదు, వెంటనే వైద్యులకు చూపించాలి. తిరుపతిలో రుయా ఆసుపత్రి ఊళ్లోనే ఉంది. 2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు రాత్రింబవళ్లు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లల కోసం 1098 హెల్ప్‌లైన్ ఉంది. ఈ నంబర్లు ఆఫీసు గోడ మీద ఉంటే చాలదు. అర్ధరాత్రి అడిగినా హోం ఫోను పిల్లవాడి చేతికి ఇవ్వాలి.