కొత్తగా చేరిన పిల్లాడు ఎవరు?

జపాన్ స్కూల్ ఫాంటసీలు చూసేవాళ్లకు ఈ సీన్ బాగా అలవాటు: టీచర్ బోర్డు మీద పేరు రాస్తారు, కొత్తగా చేరిన పిల్లాడు వంగి నమస్కరిస్తాడు. వీడు ఈ లోకం వాడు కాదేమోనని మనకు అప్పుడే అనుమానం మొదలవుతుంది. ఇది యానిమే (జపాన్ యానిమేషన్) వాళ్ల ఐడియా అనుకుంటారు గానీ, అంతకంటే చాలా పాతది.

జపాన్ రచయిత మియజావా కెంజి చనిపోయిన మరుసటి ఏడాది, 1934లో, ఆయన కథ ‘కజె నో మతసబురో’ అచ్చయింది. సెప్టెంబరు 1న కొండల మధ్య ఉన్న చిన్న బడికి ఎర్రజుట్టు సబురో వస్తాడు. తండ్రికి గని పని. గాలిదేవుడి కొడుకేమోనని పిల్లలు గుసగుసలాడతారు. ఆ సంగతి తేలకముందే అతను ఊరు వదిలి వెళ్లిపోతాడు. అక్కడ అనుమానమే తప్ప ద్రోహం లేదు.

ద్రోహం 1960ల్లో వచ్చి చేరింది. పరీక్షల టెన్షన్‌లో ఉండే పిల్లల కోసం గక్కెన్ అనే ప్రచురణ సంస్థ ఒక్కో తరగతికి ఒక్కో పత్రిక నడిపేది. సైన్స్ ఫిక్షన్ రచయితలకు వాటిలో చోటు దొరికింది. త్సుత్సుయి యసుతక నవల ‘తొకి ఒ కకెరు షోజో’ 1965లో అలా సీరియల్‌గా మొదలైందే. అందులో కథానాయిక కజుకో ఎప్పటినుంచో తెలుసనుకున్న క్లాస్‌మేట్ నిజానికి 2660వ సంవత్సరం నుంచి వచ్చినవాడు. ఆ పాత జ్ఞాపకాలన్నీ అతను కల్పించి పెట్టినవే. వెళ్లేటప్పుడు తన గుర్తులు కూడా చెరిపేస్తాడు. దీన్ని అందరూ తీయని ప్రేమకథ అంటారు. నాకైతే ముందు మోసమే కనిపిస్తుంది.

మయుమురా తకు నవల ‘నజో నో తెన్‌కోసె’ 1967లో పుస్తకంగా వచ్చింది. అందులో కొత్త పిల్లాడు యుద్ధాలకు భయపడి లోకాలు మారుతూ తిరిగే జనంలో ఒకడు. ఆయనే తర్వాత రాసిన ‘నెరవరెత గకుఎన్’లో విద్యార్థి సంఘం అధ్యక్షురాలే క్రమశిక్షణ పేరు చెప్పి తోటి పిల్లల మీద నిఘా పెడుతుంది. బయటి శక్తి లోపలివాళ్ల చేత పని చేయించుకోవడం ఇక్కడ చూస్తాం.

జపాన్ బడి తీరు కూడా ఇందుకు కలిసొచ్చింది. ఏడాదంతా అదే క్లాసు, అదే గుంపు. గది ఊడ్చేదీ వాళ్లే. అంత దగ్గరగా మసిలినవాళ్లు అబద్ధమని తేలితే తట్టుకోవడం కష్టం.

1972లో జపాన్ ప్రభుత్వ రంగ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కె త్సుత్సుయి నవలను టీవీ సీరియల్‌గా తీసి, ఈ కథలను ఇళ్లలోకి తెచ్చింది. 2003లో వచ్చిన ‘సుజుమియా హరుహి’ మొదటి నవలలో కథ చెప్పే కుర్రాడిని కత్తితో పొడవబోయేది అందరూ మెచ్చుకునే క్లాస్ లీడరే.

2011 నాటి యానిమే సీరియల్ ‘మదోక మాగికా’ చూడనివాళ్లు ఇక్కడితో ఆపేయండి. అందులో కొత్తగా చేరిన హోమురాను అందరూ అనుమానిస్తారు. జరగబోయేది తెలిసింది ఆమెకే. ద్రోహం చేసేది ముద్దుగా కనిపించే గ్రహాంతర జీవి క్యూబే. కోరిక తీరుస్తానని అమ్మాయిలతో చేసుకునే ఒప్పందంలోని అసలు సంగతి ఎందుకు దాచావంటే, మీరు అడగలేదుగా అన్నది దాని వాదన.