ఎలుకలు కొరికిన ట్యాంకులు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న సెలవుల్లో ఫోన్లో ట్యాంకుల ఆట ఆడుతూ "జర్మన్ ట్యాంకులకు తిరుగే లేదు తాతయ్యా" అన్నారు. మీరు బస్సెక్కే హడావిడిలో ఉన్నారని అప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా చెబుతాను.

అది 1942 నవంబరు. హిట్లర్ సైన్యం సోవియట్ దేశం మీద పడి పదిహేడు నెలలైంది. దాని 6వ సైన్యం వోల్గా ఒడ్డున స్టాలిన్‌గ్రాడ్‌లో ఇంటింటికీ కొట్లాడుతోంది. ఎడమ పక్కన డాన్ నది వెంట కాపలా రుమేనియా వాళ్లది. ట్యాంకుల్ని ఆపగల ఫిరంగులు వాళ్ల దగ్గర బాగా తక్కువ. అవసరమైతే ఆదుకోవాలని వాళ్ల వెనక 48వ పాంజర్ కోర్‌ని పెట్టారు. పాంజర్ అంటే జర్మన్లో ట్యాంకు; కోర్ అంటే వేలమంది ఉండే డివిజన్లు రెండు మూడు కలిసిన పెద్ద దళం. మ్యాపులో చూసేవాళ్లకు కొండంత అండ.

అందులోని 22వ పాంజర్ డివిజన్‌కు పెట్రోలు కరువు. ఇంజన్లు అప్పుడప్పుడైనా తిప్పే వీల్లేక ట్యాంకుల్ని గోతుల్లో దించి, చలి తగలకుండా గడ్డి కప్పారు. గడ్డి ఉన్నచోట ఎలుకలు చేరవా? మన ట్రాక్టరు నెల రోజులు షెడ్డులోంచి తీయకపోతే ఏమైందో చూశారుగా, సీటు కింద వైర్లన్నీ పీచుపీచు చేసి పెట్టాయి. అక్కడా అంతే, వైర్ల మీది రబ్బరు కొరికేశాయి. కదలమని ఆర్డరు వచ్చాక చూస్తే చాలా ట్యాంకులు స్టార్ట్ కాలేదు. కొన్నిట్లో షార్ట్ సర్క్యూటై మంటలు లేచాయి.

నవంబరు 19న సోవియట్ దాడి మొదలైంది. కోర్‌ని ముందు ఈశాన్యానికి పొమ్మన్నారు, దారిలో ఉండగానే వాయవ్యానికి తిరగమన్నారు. మంచులో ఆ మిగిలిన ట్యాంకులతో ఏం ఆపుతారు? నాలుగు రోజుల్లో, 23వ తేదీకి, స్టాలిన్‌గ్రాడ్ దగ్గర జర్మన్ వైపు రెండున్నర లక్షలకు పైగా సైనికుల చుట్టూ ఉచ్చు బిగిసింది.

హిట్లర్ కోపమంతా ఆ కోర్ కమాండర్ ఫెర్డినాండ్ హైమ్ మీద పడింది. విచారణైనా లేకుండా నెలల తరబడి జైల్లో పెట్టించాడు. పెట్రోలు ఇవ్వనిదీ, బలం లేని చోట అంత పొడుగు కాపలా పెట్టిందీ పైవాళ్లు. శిక్ష కిందివాడికి. ఇది అన్యాయమే. అయినా ఆయన కోసం నాకు కన్నీళ్లు రావు. ఆగస్టు 23న అదే స్టాలిన్‌గ్రాడ్ మీద జర్మన్ విమానాలు బాంబులు కురిపిస్తే పిల్లలూ ముసలివాళ్లూ వేలల్లో పోయారు. ఆ ట్యాంకులు వెళ్లింది అలాంటి ఊళ్ల మీదికే.

1943 ఫిబ్రవరి 2న అంతా అయిపోయింది. చివర్లో పట్టుబడినవాళ్లు 91,000 మంది దాకా ఉంటే, ఇల్లు చేరినవాళ్లు ఐదారు వేలు. ఆఖరువాళ్లు 1955లో వచ్చారు. పన్నెండేళ్లు, అంటే మన పెద్దోడి వయసంత.

దసరాకి వచ్చేటప్పుడు అట్లాసు తెచ్చుకోండి. డాన్ నది మెలిక తిరిగి వోల్గాకి ఎంత దగ్గరగా వస్తుందో చూపిస్తాను. ఉచ్చు బిగిసింది ఆ మెలికలోని కలాచ్ దగ్గరే.

ఇట్లు,
మీ తాతయ్య