టేస్టింగ్ సాల్టు మీద పడుతున్న నిందలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

శ్రీకాకుళంలో వైద్యుడిగా పనిచేస్తున్న నా దగ్గరకు రాత్రిపూట ఒంటినిండా దద్దుర్లతో వచ్చేవారిలో చాలామంది, నేను అడగకముందే కారణం కూడా చెప్పేస్తారు: "టేస్టింగ్ సాల్టు పడనేదు, బాబూ." బండి దగ్గర నూడుల్సో ఫ్రైడ్ రైసో తిని వచ్చినవారు అలా అనుకోవడంలో వింత లేదు. కానీ ఆ మాటతోనే విచారణ ఆగిపోతే అసలు దోషి దొరకదు.

అపోహ: అజినొమోటో పేరుతో అమ్మే టేస్టింగ్ సాల్టు వల్ల ఎలర్జీ వస్తుంది.

వాస్తవం: శరీర రక్షణ వ్యవస్థ సాధారణంగా ఏదో ఒక ప్రోటీన్‌ను శత్రువుగా పొరబడి, దానితో పోరాడేందుకు ఐజీఈ అనే రకం ప్రతిదేహాలను (యాంటీబాడీలను) తయారుచేసుకున్నప్పుడు వచ్చేదే ఆహార ఎలర్జీ. టేస్టింగ్ సాల్టు, అంటే మోనోసోడియం గ్లుటమేట్, ప్రోటీన్ కాదు, ఒక అమైనో ఆమ్లపు లవణం. ఆ గ్లుటమేట్ పండిన టమాటాలోనూ తల్లిపాలలోనూ సహజంగానే ఉంటుంది. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా దీనిని సముద్రపు నాచు నుంచి వేరుచేశారు. 1968లో ఒక అమెరికన్ వైద్య పత్రికకు వచ్చిన ఉత్తరంలో, చైనా హోటళ్లలో తిన్నాక మెడ వెనుక తిమ్మిరి, నీరసం, గుండెదడ వస్తున్నాయని ఒక వైద్యుడు రాయడంతో అనుమానం మొదలైంది. ఆయన ఉప్పును, వంటలో వాడే వైన్‌ను కూడా అనుమానించారు గాని, లోకానికి గుర్తున్నది టేస్టింగ్ సాల్టు ఒక్కటే.

అలాగని ఎవరికీ ఏమీ కాదని నేను అనను. ఆహారం లేకుండా 3 గ్రాములు, అంతకు మించి తీసుకున్న కొందరిలో తలనొప్పి, తిమ్మిరి, ముఖం వేడెక్కడం వంటివి కొద్దిసేపు కనిపించవచ్చని అమెరికా ప్రభుత్వం కోరగా 1995లో వెలువడిన నివేదిక చెప్పింది. మామూలుగా ఒకరు తినే వంటకంలో అది అర గ్రాము కూడా ఉండదు. (బండి మీద కొలత గరిటె అంచుదే కనుక ఆ లెక్క అక్కడ కొంచెం తప్పవచ్చు.) ఇలాంటి తలనొప్పి, తిమ్మిరిని 'పడకపోవడం' అనవచ్చు, ఎలర్జీ అనకూడదు.

అపోహ: బయటి తిండి తిన్నాక పెదవులు వాచాయంటే కారణం ఆ పొడే.

వాస్తవం: ఒక కుర్రవాడు పెదవులు వాచి, గొంతు బిగుసుకుపోతోందంటూ వచ్చాడు. ఇంజెక్షన్‌తో కుదుటపడ్డాక, అంతకుముందు ఎప్పుడైనా ఇలా అయిందా అని అడిగితే, పలాసలో ఒక పెళ్లిలో పాయసం తిన్నప్పుడు గొంతు దురద పెట్టిందన్నాడు. ఆ రాత్రి అతను తిన్న మసాలా కూరలో చిక్కదనం కోసం వేసింది జీడిపప్పు ముద్ద. జీడిమామిడి సాగయ్యే మా జిల్లాలో ఆ పప్పును ఎవరూ అనుమానించరు. కానీ కొద్దిపాటి పలుకుతోనే ప్రాణం మీదికి తెచ్చే ఎలర్జీ కారకాల్లో అదొకటి. రొయ్యలూ అంతే. వాటిలో ఎలర్జీ కలిగించే ప్రోటీన్ వేడికి నశించదు కనుక బాగా ఉడికించినా, ఎండు రొయ్యల పొడిగా కూరలో కలిపినా ముప్పు తప్పదు.

చేప సంగతి వేరు. కానాగంతలను, సూర చేపలను ఐసు లేకుండా గంటల తరబడి ఉంచితే, సూక్ష్మజీవుల వల్ల వాటిలో ఎలర్జీ లాంటి లక్షణాలు తెచ్చే హిస్టమిన్ అనే రసాయనం పేరుకుంటుంది. వేపినా పులుసు పెట్టినా అది పోదు. ఒకే చట్టిలో తిన్న నలుగురికీ ముఖం ఎర్రబడి తలనొప్పి వస్తే నేను ముందు అనుమానించేది దీనినే. ఒక్కరికే వస్తే ఎలర్జీ వైపు చూస్తాను.

అపోహ: ఉప్పుకు బదులు టేస్టింగ్ సాల్టు వేస్తే బీపీ ఉన్నవారికి భయం లేదు.

వాస్తవం: ఉప్పులో సోడియం సుమారు 39 శాతం, దీనిలో సుమారు 12 శాతం. తక్కువే గాని, వంటలో రెండూ పడుతున్నాయి.

దద్దుర్లతో పాటు ఆయాసం, గొంతు మార్పు, కళ్లు తిరగడం ఉంటే సిట్రిజిన్ మాత్ర వేసుకుని ఇంట్లో వేచి ఉండకండి. 108కి ఫోన్ చేయండి, అప్పుడు కావలసింది తొడ కండరానికి ఇచ్చే ఎడ్రినలిన్ ఇంజెక్షన్. ఆసుపత్రికి వచ్చాక, ఏం తిన్నారో, అందులో ఏమేం వేశారో, తిన్న ఎంతసేపటికి మొదలైందో చెప్పండి. వీలైతే బండివాడినే ఫోన్‌లో అడిగి చెప్పండి.